మనిషి రాకుండా పని మాత్రమే వస్తే

సైన్స్ సినిమా అనగానే మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు గుర్తొచ్చేది 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన ‘ఆదిత్య 369’. కాలయంత్రం ఎక్కి శ్రీకృష్ణదేవరాయల కొలువు చూసి, అక్కడినుంచి భవిష్యత్తులోకి దూకి వచ్చిన ఆ కథను ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. పిల్లలనడిగితే హాలీవుడ్ వాళ్ళ ‘మేట్రిక్స్’ పేరు చెబుతారు. ఈ వ్యాసంలో నేను పరిచయం చేయబోయే చిత్రం వాటిలా పేరు మోసింది కాదు. దాని పేరు ‘స్లీప్ డీలర్’. మెక్సికో దేశం నేపథ్యంగా, ఎక్కువ భాగం స్పానిష్ భాషలో నడిచే ఈ గంటన్నర సినిమా 2008లో అమెరికాలోని సండాన్స్ చలనచిత్రోత్సవంలో మొదటిసారి ప్రదర్శించబడి, అక్కడ ఉత్తమ స్క్రీన్‌ప్లే బహుమతి అందుకుంది. అదే ఏడాది బెర్లిన్ ఉత్సవంలో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ వారి బహుమతి కూడా వచ్చింది. దర్శకుడు అలెక్స్ రివేరా.

కంప్యూటర్లూ, యంత్రాలూ ఆకాశమంత ఎదిగి, మామూలు మనిషి బతుకు మాత్రం మురికివాడలోనే ఉండిపోయిన రేపటి లోకాన్ని చూపించే కథలను సైబర్‌పంక్ కథలంటారు. సాధారణంగా ఇలాంటి సినిమాలకు కోట్ల డాలర్లు పోస్తారు. 1999లో వచ్చిన ‘మేట్రిక్స్’కు 6 కోట్ల డాలర్లు దాటిందని లెక్క. ‘స్లీప్ డీలర్’కు అయిన ఖర్చు సుమారు 25 లక్షల డాలర్లు. అంటే దానిలో ఇరవయ్యో వంతు కంటే కూడా తక్కువ!

రాష్ట్రం బయట స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పత్రికలో ఎక్కడో మెక్సికో సినిమా సంగతి ఎందుకని పాఠకులు అడగవచ్చు. పని కోసం ఊరు వదిలినవాళ్ళ కథ ఇది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, మనిషిని ఊరు దాటనివ్వకుండా అతని పనిని మాత్రం లాగేసుకునే లోకం కథ. సోలాపూర్ మగ్గాల మధ్య పుట్టి పెరిగిన నాకు అది పరాయి కథ అనిపించలేదు.

నదికి కాపలా, ఇంటిమీద బాంబు

కథ జరిగేది రేపో మాపో రాబోయే కాలంలో. మెమో క్రూస్ అనే కుర్రవాడు దక్షిణ మెక్సికోలోని ఒహాకా ప్రాంతంలో ఒక చిన్న పల్లెలో తల్లిదండ్రులతో, అన్నదమ్ముడితో ఉంటాడు. ఆ పల్లెకు ప్రాణం ఒక నది. మెమో పుట్టకముందే ఒక విదేశీ కంపెనీ దానికి ఆనకట్ట కట్టేసింది. ఇప్పుడు తండ్రీ కొడుకులు తమ నది నీళ్ళనే డబ్బు పెట్టి కొనుక్కోవాలి. ఆనకట్ట దగ్గర మనిషి ఎవరూ ఉండరు. ఒక కెమెరా, దాని పక్కన తుపాకీ, ఒక స్పీకరు ఉంటాయి. స్పీకరులోంచి ఎక్కడో కూర్చున్నవాడి గొంతు ధర చెబుతుంది, తోలుసంచులు నింపుకొని వెళ్ళిపొమ్మంటుంది. ఇదీ సినిమాలో మనకు కనిపించే మొదటి నిఘా. నీళ్ళు తోడుకోవడానికి వచ్చినవాడి గుండెకు తుపాకీ గురిపెట్టి ఉంటుంది. గురిపెట్టినవాడి ముఖం మాత్రం కనబడదు.

మెమోకు వ్యవసాయం మీద మనసు లేదు. పాత సామానుతో సొంతంగా ఒక రేడియో యంత్రం తయారుచేసుకుని, రాత్రిళ్ళు లోకంలో ఎవరెవరో మాట్లాడుకునే మాటలు వింటూ ఉంటాడు. పట్నం వెళ్ళాలని అతని ఆశ. ఒకరాత్రి అతని యంత్రానికి ఆనకట్టను కాపాడే పైలట్ల మాటలు చిక్కుతాయి. కంపెనీవాళ్ళు వెంటనే పసిగడతారు. నీళ్ళకోసం దాడులు చేసే తీవ్రవాది ఎవడో తమ మాటలు దొంగతనంగా వింటున్నాడని నిర్ణయించేస్తారు. పైలట్ లేని చిన్న యుద్ధవిమానం, అదే ద్రోన్ అంటున్నారే, దాన్ని పంపుతారు. ఆ దాడిని టీవీలో వినోద కార్యక్రమంగా ప్రత్యక్ష ప్రసారం చేస్తారు. అన్నదమ్ములిద్దరూ చుట్టాలింట్లో కూర్చుని టీవీ చూస్తుండగా తెరమీద కనిపించే ఇల్లు తమదేనని గుర్తుపడతారు. పరుగెత్తుకొని వెళ్ళేసరికే అంతా అయిపోతుంది. గాయపడి బయటికి పాకిన తండ్రి ముఖం చూసి ద్రోన్ నడిపే పైలట్ ఒక్క క్షణం ఆగుతాడు. పైనుంచి ఆజ్ఞ వస్తుంది. మీట నొక్కుతాడు.

ఆ పైలట్ పేరు రూడీ రామిరెస్. శాన్ డియెగో నగరంలో కూర్చుని విమానం నడిపిన అమెరికా పౌరుడు. కానీ అతని రక్తం మెక్సికోదే. తాను చంపిన మనిషి ముఖం తన ఇంట్లో పెద్దల ముఖంలాంటిదే. ఈ సంగతి అతన్ని నిద్రపోనివ్వదు.

ఒంటికి గుచ్చిన తీగలు

తండ్రి పోయాక ఇంటికి నాలుగు డబ్బులు పంపాలని మెమో ఉత్తరాన సరిహద్దు పట్నమైన తిహువానాకు బస్సెక్కుతాడు. ఆ పట్నానికి అవతల ఎత్తైన గోడ. గోడకు ఆవల అమెరికా. ఎవరినీ దాటనివ్వరు. దాటవలసిన అవసరం కూడా లేదు! తిహువానాలోనే పెద్ద పెద్ద కార్ఖానాలు ఉంటాయి. అందులో పనివాళ్ళు ఒంటికి అమర్చిన లోహపు బిళ్ళలకు తీగలు తగిలించుకుని, వరసగా నిలబడి గాలిలో చేతులు ఆడిస్తూ ఉంటారు. వాళ్ళ చెయ్యి కదిలితే అమెరికాలో ఒక మరమనిషి చెయ్యి కదులుతుంది. మెమో చెయ్యి శాన్ డియెగోలో ఆకాశహర్మ్యం కడుతుంది. ఇంకొకరి చేతులు పశువులను కోస్తాయి, మరొకరివి ఎవరి పిల్లనో ఆడిస్తాయి. పనివాడు మాత్రం ఇటువైపే, తిహువానా రేకుల గుడిసెలోనే.

గంటలు గంటలు అలా తీగలకు వేలాడితే కళ్ళు మసకబారతాయి, ఒళ్ళు స్వాధీనం తప్పుతుంది, నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోతాడు. అందుకే ఆ కార్ఖానాలకు ‘స్లీప్ డీలర్లు’ అని పేరుపెట్టారు. నిద్రల బేరగాళ్ళు అనుకోవచ్చు. ఇంటికి పంపే డబ్బులో కూడా రకరకాల కోతలు పడతాయి.

ఒంటికి ఆ బిళ్ళలు అమర్చుకోవడం చాటుమాటు వ్యవహారం. మెక్సికోలో దొంగదారిన సరిహద్దు దాటించేవాణ్ణి ‘కొయోటీ’ అంటారు. అది ఒక రకం నక్క పేరు. సినిమాలో బిళ్ళలు అమర్చేవాడు ‘కొయోటెక్’. మనుషులను దాటించే నక్క పోయి, చేతులను మాత్రం దాటించే నక్క వచ్చాడన్నమాట. మెమోకు ఆ పనిచేసి పెట్టేది లూస్ అనే అమ్మాయి. ఆమెది ఇంకో వింత బేరం. తాను చూసినవీ, అనుభవించినవీ జ్ఞాపకాలుగా కంప్యూటరుకు ఎక్కించి అమ్ముకుంటుంది. అబద్ధం కలిపితే యంత్రం ఒప్పుకోదు, నిజం చెప్పమంటుంది. బస్సులో పరిచయమైన మెమో గురించి ఆమె ఒక జ్ఞాపకం అమ్మకానికి పెడుతుంది. ఎవరో కొంటారు, ఇంకా కావాలంటారు. అప్పుల్లో ఉన్న లూస్ అతనికి చెప్పకుండానే అతని కథను ముక్కలు ముక్కలుగా అమ్ముతూ పోతుంది. కొనేవాడెవరు? తండ్రిని చంపిన పైలట్ రూడీయే.

ముగింపు చెప్పేసినా సినిమా రుచి తగ్గదు కాబట్టి చెబుతాను. సంగతి తెలిసి మెమో కుమిలిపోతాడు. రూడీ సరిహద్దు దాటి వచ్చి అతని ఎదుట నిలబడతాడు. ఉత్తరం నుంచి దక్షిణానికి వచ్చేవాడికి గోడ అడ్డు కాదు మరి. చేసిన పాపానికి ఏం చెయ్యమంటావని అడుగుతాడు. ముగ్గురూ కలిసి రూడీని దొంగతనంగా కార్ఖానాలోకి తీసుకెళ్ళి తీగలు తగిలిస్తారు. అతను అక్కడినుంచే ద్రోన్‌ను నడిపి ఆనకట్టకు గండి కొడతాడు. పల్లెకు నీళ్ళు వస్తాయి. రూడీకి ఇక సొంత దేశంలో చోటుండదు. మెమో కూడా పల్లెకు తిరిగి వెళ్ళడు. ఎందుకో చివర్లో చెబుతాను.

బ్రసెరో అంటే చేతులు

అలెక్స్ రివేరా 1973లో న్యూయార్కులో పుట్టాడు. తల్లి అమెరికావాసి, తండ్రి పెరూ దేశం నుంచి వలస వచ్చినవాడు. 1995లో రివేరా తీసిన ‘పాపాపాపా’ అనే చిన్న చిత్రంలో రెండు ప్రయాణాలుంటాయి. ఒకటి పెరూ కొండల్లో పుట్టిన బంగాళాదుంప అమెరికా చేరి పొట్లాల్లో చిప్స్‌గా మారిన ప్రయాణం. రెండోది పెరూలో పుట్టిన తన తండ్రి అమెరికాలో టీవీ ముందు కుర్చీకి అతుక్కుపోయిన ప్రయాణం. వలసను ఇంత నవ్విస్తూ, ఇంత నొప్పిగా చెప్పవచ్చునా అనిపిస్తుంది.

‘స్లీప్ డీలర్’కు విత్తనం 1997లో అతను తీసిన ఇంకో చిన్న వ్యంగ్యచిత్రంలో ఉంది. దాని పేరు ‘వై సైబ్రసెరోస్’. అది అర్థం కావాలంటే కొంత చరిత్ర తెలియాలి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా పొలాల్లో పనిచేసేవాళ్ళు కరువయ్యారు. 1942లో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకుని మెక్సికో కూలీలను తాత్కాలికంగా రప్పించాయి. 1964 దాకా నడిచిన ఈ పథకంలో 45 లక్షలకు పైగా కూలి ఒప్పందాలు జరిగాయి. స్పానిష్‌లో ‘బ్రసో’ అంటే చెయ్యి. ఆ కూలీలకు పెట్టిన పేరు ‘బ్రసెరో’, అంటే చేతులతో పనిచేసేవాడు. సరిహద్దు దగ్గర వాళ్ళ అరచేతులు పరీక్షించేవారు. కాయలు కాచిన చెయ్యి అయితే పనికొచ్చినట్టు. ఒంటిమీద డీడీటీ పొడి చల్లేవారు. తొలి సంవత్సరాల్లో కూలిలో నూటికి పది పొదుపు పేరుతో పట్టి ఉంచారు. ఊరికి తిరిగి వెళ్ళాక ఇస్తామన్న ఆ డబ్బు చాలామందికి ముట్టలేదు. దానికోసం ముసలితనంలో కూడా వాళ్ళు పోరాడవలసి వచ్చింది.

చేతులు కావాలని పిలిస్తే, చేతుల వెంట మనుషులు వచ్చారు. కొందరు అక్కడే ఉండిపోయారు. పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పిల్లలను కన్నారు. అమెరికాలో కొందరికి ఇది కంటగింపయింది. రివేరా వ్యంగ్యం ఇక్కడే. కూలీ మెక్సికోలోనే ఉండి కంప్యూటరు ద్వారా అమెరికా తోటలో కాయలు కోసే మరమనిషిని నడిపితే ఎంత బాగుంటుంది, పనీ జరుగుతుంది, వాడు మన పౌరుడయ్యే బాధా ఉండదు అంటూ ప్రకటన చిత్రంలా నవ్వు ముఖంతో చెప్పిస్తాడు. ఇంటర్‌నెట్ ఇంకా చాలా ఇళ్ళకు రాని రోజుల్లో ఈ ఆలోచన వచ్చిందంటే ఆశ్చర్యం వేస్తుంది.

నిజానికి అతను కొత్తగా కల్పించింది తక్కువే. 1964లో బ్రసెరో పథకం ఆపేశాక, 1965 నుంచి మెక్సికో ప్రభుత్వమే సరిహద్దు వెంట విదేశీ కంపెనీల కార్ఖానాలను ప్రోత్సహించింది. వాటిని ‘మాకిలదోరా’లంటారు. 1994 జనవరిలో అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమలులోకి వచ్చి సరుకులకు దారి సులువయింది. అదే ఏడాది అక్టోబరులో శాన్ డియెగో, తిహువానాల మధ్య మనుషులు దాటకుండా కాపలా బిగించారు. సరుకుకు తలుపు తీసి మనిషికి మూసిన ఆ సంవత్సరాన్ని ఇంకొక్క అడుగు ముందుకు నడిపితే ‘స్లీప్ డీలర్’ కథ వస్తుంది.

లేమి నేర్పిన పనితనం

ఇంత తక్కువ డబ్బుతో రేపటి లోకాన్ని ఎలా చూపించాడు? ఉన్నదాన్నే వాడుకున్నాడు. తిహువానా గోడ నిజంగానే ఉంది. గుట్టలమీద రేకుల ఇళ్ళూ, కార్ఖానాలూ నిజంగానే ఉన్నాయి. వాటికి కంప్యూటరు బొమ్మలు అక్కడక్కడా అతికించాడు. ఒంటికి గుచ్చిన తీగలు నీలికాంతిలో మెరుస్తుంటే మిగతాదంతా చీకట్లో వదిలేశాడు. కొన్నిచోట్ల బొమ్మలు అతుకులని తెలిసిపోతుంది. ద్రోన్ ఎగిరే దృశ్యాలు ఇప్పటి పిల్లలు ఆడుకునే వీడియో ఆటల కంటే నాసిగా ఉన్నాయని మా ఇంట్లో కుర్రవాళ్ళు నవ్వారు. లూస్, మెమోల ప్రేమ కూడా తొందరగా ముడిపడిపోయింది. ఈ లోపాలున్నా సినిమా నిలబడింది. చూపించిన పల్లె, పట్నం, బస్సు, డబ్బు పంపే కిటికీ అన్నీ మనకు తెలిసినవే కావడం దానికి కారణం. పెద్ద ఖర్చుతో కట్టిన మాయానగరంలో పేదవాడు తప్పిపోతాడు. ఇందులో ప్రతి దృశ్యంలోనూ అతనే కనిపిస్తాడు.

కల్పన అనుకున్నది ఒక్కొక్కటే నిజమవుతూ వచ్చింది కూడా. అమెరికా సరిహద్దు పోలీసులు 2005లోనే గోడ వెంట పెద్ద ద్రోన్లను ఎగరేయడం మొదలుపెట్టారు. 2019 నాటికి కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో విద్యార్థులకు తిండి పొట్లాలు చేరవేసే చిన్న చక్రాల బండ్లను కొలంబియా దేశంలో కూర్చున్నవాళ్ళు దారి చూపి నడిపించారు. సినిమా వచ్చిన పదకొండేళ్ళకే అన్నమాట.

చూసేవాడెవడు, చూడబడేవాడెవడు

నిఘా మీద వచ్చే సినిమాల్లో సాధారణంగా ఒక పెద్ద ప్రభుత్వం, ఒక నియంత ఉంటాడు. ఇందులో అలాంటివాడు లేడు. ఆనకట్ట కెమెరా వెనక ఒక ఉద్యోగి, ద్రోన్ వెనక ఒక ఉద్యోగి, జ్ఞాపకాలు అమ్మే చోట అప్పు తీర్చుకోవలసిన ఒక ఆడపిల్ల. అందరూ జీతానికో, వాయిదాకో పనిచేసేవాళ్ళే. ప్రేమించిన అమ్మాయే అతన్ని కనిపెట్టి అమ్మేయడం ద్రోన్ కంటే ఎక్కువ కలవరపెడుతుంది. ఆమె చెప్పిందంతా నిజమే, అయినా అది అతనికి చెందిన నిజం. ఈ రోజుల్లో పెళ్ళి పందిట్లో, ఆస్పత్రి మంచం దగ్గర, ఆఖరికి శవం దగ్గర కూడా సెల్‌ఫోను తీసి బొమ్మ పట్టి లోకానికి పంపేవాళ్ళను చూస్తే లూస్ నాకు గుర్తొస్తుంది. ఆమెకైనా అప్పు ఉంది.

గుర్తింపు సంగతి ఇంకోటి. బ్రసెరోల అరచేతులు చూసినట్టే మనల్ని కూడా చేతులు చూసి గుర్తిస్తున్నారు. మా అమ్మ నలభై ఏళ్ళు బీడీలు చుట్టింది. సోలాపూర్‌లో మన ఆడవాళ్ళలో చాలామందికి అదే జీవనాధారం. తునికాకు రాసి రాసి ఆమె వేళ్ళ గీతలు అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో యంత్రం మీద వేలు పెడితే ‘మళ్ళీ పెట్టు’, ‘మళ్ళీ పెట్టు’ అని చూపించేది. చెమట తుడుచుకుని, కొంగుతో వేలు తుడుచుకుని మూడుసార్లు పెట్టి, చివరికి “ఈ వేళ్ళేనయ్యా మిమ్మల్ని సాకింది” అని నన్ను చూసి నవ్వింది. కష్టం చేసిన చెయ్యే ఆ కష్టజీవి ఎవరో చెప్పలేకపోయింది. చేతిపనివాళ్ళకూ, ముసలివాళ్ళకూ దేశమంతటా ఎదురైన ఇబ్బందే ఇది. వ్యక్తి ఏకాంతం ప్రాథమిక హక్కేనని మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. ఆ కేసు వేసిన పెద్దమనిషి పుట్టస్వామి గారు కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసినవారే. యంత్రం మనల్ని గుర్తించాలా వద్దా అన్న ప్రశ్న ఏ మెక్సికో పల్లెకో పరిమితం కాదు.

మగ్గం వెంట వచ్చినవన్నీ

ఇప్పుడు నా అసలు మాటకు వస్తాను. సోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు 1877లో వచ్చింది. నిజాం ఏలుబడిలోని తెలంగాణ పల్లెలనుంచి మన పద్మశాలీలు మిల్లులకూ, మగ్గాలకూ తరలివచ్చారు. మా తాత సిరిసిల్ల ప్రాంతంనుంచి వచ్చినవాడు. పట్నానికి కావలసింది అతని చేతులే. నాడె విసిరే చేతులు, పడుగు సర్దే చేతులు. ఆయన వెనక కండెలు చుట్టడానికి మా నాయనమ్మ వచ్చింది. ఆమె వెనక ఆమె తమ్ముడు. వాళ్ళ మూటల్లో మార్కండేయస్వామి వచ్చాడు, బతుకమ్మ వచ్చింది, జొన్నరొట్టె వచ్చింది, సామెతలూ తిట్లూ వచ్చాయి. పూర్వభాగ్ అని పిలిచే ఆ తూర్పు పేటల్లో గుడి కట్టుకున్నారు, తెలుగు బడి పెట్టుకున్నారు. శ్రావణ పౌర్ణమినాడు మార్కండేయుడి రథం కదిలితే ఊరంతా చూస్తుంది. ఇక్కడి దుప్పటి పేరు చెబితే దేశం గుర్తుపడుతుంది.

పట్నం పిలిచింది చేతులనే. వచ్చింది మాత్రం నిండు మనిషి. వచ్చినవాడు ఇరుకుగదిలో ఉన్నాడు, అవమానం పడ్డాడు, సమ్మెల్లో దెబ్బలు తిన్నాడు. అయినా నేలమీద కాలుపెట్టాడు కాబట్టి ఆ నేలలో వాటా అడగగలిగాడు. ఓటు వేశాడు, పిల్లలను చదివించాడు, మరాఠీ నేర్చుకుని పక్కింటివాడితో వియ్యమందాడు. హోసూరులో, బరంపురంలో, యానాంలో ఉన్న మనవాళ్ళ కథ వేరు. అక్కడ చాలామంది కదలలేదు, వాళ్ళ కాళ్ళకింద సరిహద్దులు కదిలాయి. కదిలినవాళ్ళకైనా, సరిహద్దు కదిలినవాళ్ళకైనా బలం ఒక్కటే. ఉన్నచోట ఒళ్ళు ఉంది. కళ్ళెదుట ఉన్న మనిషిని లేడనడం కష్టం.

‘స్లీప్ డీలర్’ చూపించే లోకంలో ఆ బలాన్నే తీసేశారు. మెమో శాన్ డియెగోలో ఇరవై అంతస్తుల మేడ కట్టినా అక్కడ అతనికో గుడి ఉండదు, బడి ఉండదు, సంఘం ఉండదు, ఇలాంటి పత్రికా ఉండదు. రెండో తరం అనేదే పుట్టదు. కూలీ ఎప్పటికీ మొదటిరోజు కూలీయే. నాకు ఈ సినిమాలో భయం వేసింది ద్రోన్‌ను చూసి కాదు, దీనికే.

మేనల్లుడి మాట

ఈ మాటే మా చెల్లెలి కొడుకుతో అన్నాను. వాడు పుణెలో కంప్యూటర్ ఉద్యోగి. ఒక అమెరికా కంపెనీకి రాత్రిపూట పనిచేస్తాడు. 2020 మార్చిలో కరోనా వచ్చి అన్నీ మూసేస్తే సోలాపూర్ వచ్చి, మేడమీద గదిలో బల్ల వేసుకుని అక్కడినుంచే పని చేశాడు.

“మామా, నువ్వు అన్నీ ఒకవైపునుంచే చూస్తున్నవు” అన్నాడు. “నేను అమెరికా పోయుంటే నాన్న చివరి ఆరు నెలలు పక్కనుందునా? పొద్దున మందులు వేసి, రాత్రి పనిచేసుకున్న. ఒళ్ళు కదలకుండా పని కదలడం నాకు ఆ దేవుడిచ్చిన వరమే.”

ఆ మాట కొట్టిపారేయడానికి వీల్లేదు. మా బావకు ఆ ఆరు నెలలూ కొడుకు చెయ్యి దొరికింది. జపాన్ రాజధాని టోక్యోలో 2021లో ఒక కాఫీ హోటలు శాశ్వతంగా తెరిచారు. అందులో కాఫీ అందించే మరమనుషులను మంచంమీదినుంచి లేవలేని వికలాంగులు తమ ఇళ్ళనుంచి నడుపుతారు. మెమోను పిండేసిన యంత్రంలాంటిదే వాళ్ళకు లోకంలోకి తలుపు తీసింది. కాబట్టి దోషం తీగలో లేదు.

కాసేపాగి వాడే మళ్ళీ అన్నాడు. “ఒక్కటి మాత్రం నిజం మామా. నేను ఎన్ని మీటలు నొక్కిన్నో లెక్క రాస్తది, మధ్యమధ్య నా బొమ్మ తీస్తది మా కంప్యూటరు. ఆరేండ్లనుంచి ఆ ఊరి ఆస్పత్రుల బిల్లులు చూస్తున్న. ఆ వీధుల పేర్లు నాకు నోటికొచ్చు. అక్కడ నేనొకణ్ణి ఉన్ననని ఎవరికీ తెల్వదు. నా పని అక్కడుంది, నేను లేను.”

2000 తర్వాత బెంగళూరు, హైదరాబాదుల్లో వెలసిన కాల్ సెంటర్లలో మన పిల్లలు రాత్రికి రాత్రి పేర్లు మార్చుకుని, యాస మార్చుకుని మాట్లాడారు. లక్ష్మి లూసీ అయింది, రమేష్ రాబర్ట్ అయ్యాడు. అప్పుడు గొంతు ఒక్కటే సముద్రం దాటింది. ఇప్పుడు కళ్ళు దాటుతున్నాయి, చేతులు దాటుతున్నాయి. జీతం మంచిదే, ఇంట్లో ఉండటం మంచిదే. అయితే పనిచేసినచోట హక్కు అడగాలంటే ఎక్కడ నిలబడి అడగాలి? మా తాత మిల్లు గేటు ముందు నిలబడ్డాడు. మా మేనల్లుడికి గేటు లేదు. వాణ్ణి చూసే కన్ను ఉంది, వాడు చూడగలిగే ముఖం లేదు. మన పిల్లలు ఈ ప్రశ్నకు తమ కాలానికి తగిన జవాబు వెతుక్కోవాలి. వాళ్ళు వెతుకుతుంటే మనం “జీతం వస్తోంది కదా, ఇంకేం” అనకుండా ఉంటే అదే పెద్ద సాయం.

గతమున్న భవిష్యత్తు

సినిమా మొదట్లో ఆనకట్ట దగ్గర తండ్రి కొడుకును ఒక మాట అడుగుతాడు. నది ఉన్నన్నాళ్ళూ మనకు రేపు అనేది ఉండేది, ఇప్పుడు మన రేపటి రోజు నిన్ననే అయిపోయిందా అన్న అర్థం వచ్చే మాట. కుర్రవాడికి అది ముసలివాడి చాదస్తంలా వినబడుతుంది. ఆఖర్లో మెమో పల్లెకు వెళ్ళకుండా తిహువానాలోనే, ఆ గోడ దాపునే, చిన్న చేను వేసుకుని నీళ్ళు పోస్తూ కనబడతాడు. తండ్రి నేర్పిన సేద్యం అది. ఒంటిమీద బిళ్ళలు అలాగే ఉన్నాయి. గతాన్ని వెంటబెట్టుకుని ఇక్కడే భవిష్యత్తు సంపాదించుకుంటానంటాడు. తీగలు పీకేసి వెనక్కి పారిపోలేదు, గతాన్ని పారేసి ముందుకూ పోలేదు. మన పెద్దలు పరాయి ఊళ్ళో గుడి కట్టినప్పుడు చేసింది సరిగ్గా ఇదే కదా!

అలెక్స్ రివేరాకు 2021లో అమెరికాలో పేరున్న మెకార్తర్ ఫెలోషిప్ లభించింది. అయినా ఈ సినిమాను ఇప్పటికీ వెతికి చూడవలసిందే. ఇంగ్లీషు అక్షరాలు కింద వస్తాయి కాబట్టి స్పానిష్ రాకపోయినా ఇబ్బంది లేదు. అక్కడక్కడా పెద్దవాళ్ళు చూసే దృశ్యాలున్నాయి, చిన్నపిల్లలతో వద్దు. కాలేజీ చదువులు, ఉద్యోగాలు చేస్తున్న పిల్లలతో కలిసి చూడండి. చూశాక వాళ్ళను ఒక్క మాట అడగండి: మన ఇంట్లో మొదట ఊరు కదిలినవారెవరు, చేతిలో ఏ పని పట్టుకుని వచ్చారు, వెంట ఏమేం తెచ్చుకున్నారు? జవాబు తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే వాళ్ళను అడిగి, వాళ్ళు సరేనన్న మేరకే నాలుగు పేజీలు రాసి పెట్టుకోండి. మన జ్ఞాపకాలు ఎవరో కొనుక్కుని మనకే అమ్మేలోగా, అవి మన చేతిరాతలో మన ఇంట్లో ఉండటం మంచిది.